ఆకుపచ్చ నింపని గడి

నా ఉద్యోగం పర్మనెంట్ అయింది! ఈరోజు పొద్దున పదకొండుంపావుకు మెయిల్ వచ్చింది. నాలుగేళ్ల నుంచి మెడలో వేలాడుతున్న బూడిదరంగు ఐడీ కార్డు తాడు తీసేసి నీలం తాడు ఇస్తారు. బూడిదరంగు అంటే ఏజెన్సీ తరఫున వచ్చినవాళ్లం, ఎప్పుడు ఉంటామో ఎప్పుడు పోతామో తెలియనివాళ్లం. నీలం అంటే కంపెనీ మనిషి. నీలం తాడు ఉంటే అమ్మానాన్నల దవాఖాన ఖర్చు కూడా కంపెనీదే. మా అమ్మ జీడిమెట్లలో మందుబిళ్లలు డబ్బాల్లో పెట్టే పని చేస్తుంది, పద్దెనిమిదేళ్లుగా నిలబడే. నాన్న బాలానగర్‌లో లేత్ మిషన్ మీద పని. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. అదీ కాలేజీకి వెళ్లి కాదు, ఆదివారం క్లాసులకు తిరిగి.

ఈ సంగతి మొట్టమొదట తెలియాల్సింది మా అమ్మకు. సాయంత్రం ఐదవుతోంది, ఇంకా ఆమెకు చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. హైటెక్ సిటీ ఎంఎంటీఎస్ స్టేషన్‌లో బల్ల మీద కూర్చుని ఫోన్‌లో ఇది రాసుకుంటున్నాను. సంతోషం లేక కాదు. సంతోషం గొంతు దాకా ఉంది, దాని మీద ఇంకేదో అడ్డం కూర్చుంది.

మెయిల్ చూసి నేను కుర్చీలోంచి లేచేలోపే నన్ను వచ్చి వాటేసుకున్నది పక్క సీటు అమ్మాయి. నాకన్నా మూడేళ్లు చిన్నది. ఇల్లు హఫీజ్‌పేట్. నాలుగు నెలల కిందటే పెళ్లయింది.

"అక్కా! నీదేనా? మల్ల చదువు ఒకసారి, జర పెద్దగ చదువు!"

"నాదే."

"నేను చెప్పలే? ఇగ అమ్మకు ఫోన్ కొట్టు. ఫస్ట్ అమ్మకు, తర్వాత బావకు. మిఠాయి సంగతి నేను చూస్త. నువ్వు ఏడ్వకు, కాటుక మొత్తం చెంపల మీదికొచ్చింది."

ఆమె మెడలో బూడిదరంగు తాడే ఉంది. ఈ నెలాఖరుకు ఆమె కాంట్రాక్టు ముగుస్తుంది. మా టీముకు ఇచ్చింది ఒక్క పోస్టే. అది ఆమెకు రావాల్సింది. రాకుండా చేసింది నేను.

మా పని విదేశాల ఇన్సూరెన్స్ కాగితాలు సరిచూడటం. రోగి పేరు, జబ్బు, మందు, తేదీ, ఒకదానితో ఒకటి కలుస్తున్నాయో లేదో చూడాలి. ఏదైనా గడి ఖాళీగా ఉంటే మేం నింపకూడదు. ఎంత తెలిసినట్టున్నా సరే, ఊహించి రాయకూడదు. వెనక్కి పంపి అడగాలి. దాన్ని మేం క్వెరీ అంటాం. శిక్షణలో మొదటి రోజు మొదటి పాఠం అదే. నాలుగేళ్లలో కొన్ని వేల క్వెరీలు రాసి ఉంటాను.

ఆమె నా తర్వాత ఏడాదికి చేరింది. వచ్చిన పది రోజులకు టిఫిన్ డబ్బా తెరుస్తూ అడిగింది, "మీ ఇంట్ల డిగ్రీ ఎంతమంది అక్కా?" అని.

"నేనొక్కదాన్నే."

"నేను గూడ!" అని డబ్బా మూతతో బల్ల మీద కొట్టింది. వాళ్ల నాన్న సోఫాలు కుడతాడు. కూతురు నల్లకోటు వేసుకుని పట్టా పట్టుకున్న ఫొటోను ఆయన షాపులో ఫోమ్ చుట్టల మధ్య మేకు కొట్టి వేలాడదీశాడట. "సోఫా కొననీకె వచ్చినోళ్లందరు ముందుగాల నన్ను చూడాలె, తర్వాత రేటు అడగాలె," అని నవ్వింది. అలా స్నేహం కుదిరింది.

నేను ముస్లింలను ఎరగని మనిషిని కాదు. మా గల్లీలో సగం షాపులు వాళ్లవే. చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే అమ్మ తీసుకెళ్లి ఊదించింది దర్గా దగ్గరే. కానీ వాళ్ల ఇంటి గడప మాత్రం ఏనాడూ దాటలేదు. లోపల ఎలా ఉంటుందో మా ఇంట్లో అందరికీ తెలుసు, వెళ్లకుండానే. మగవాడికి నలుగురు పెళ్లాలు ఉంటారని తెలుసు. మూడు మాటలంటే కాపురం అయిపోతుందని తెలుసు. ఆడపిల్లను అడిగేవాళ్లు ఉండరని తెలుసు. తెలుసు కాబట్టి ఎవరినీ అడగలేదు.

స్నేహం ముదిరాక ఒకరోజు ధైర్యం చేసి, "మీ అబ్బాకు ఎంతమంది..." అని ఆగాను.

"ఎంతమంది ఏంది? భార్యలా?" ఆమె నోట్లో ముద్ద ఆగిపోయింది. "అక్కా, మా అబ్బాకు ఒక్క అమ్మీతోనే పరేషాన్. ఇంక ముగ్గురొస్తే కుట్టిన సోఫాల కింద దాక్కుంటడు. ఇంటర్‌ల ఉన్నప్పటి సంది అడుగుతున్నరు నన్ను ఇది. మా గల్లీల ఇద్దరు భార్యలున్నోడు ఒక్కడే, వాడు మీవోడు."

మా వరసలో కూర్చునేవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను.

నా పెళ్లయ్యాక ఆధార్‌లో ఇంటిపేరు మార్పించుకోవడానికి సగం రోజు సెలవు పెట్టినప్పుడు ఆమెకు అసలు అర్థం కాలేదు.

"ఎందుకు మారుస్తున్నవ్?"

"పెళ్లయింది గద."

"అయితే ఏంది? పెళ్లయినంక నీ నాయన మారిండా? మా అమ్మీ కాగితాలల్ల ఇప్పటికి మా నానా, అంటే అమ్మీ నాయన పేరే ఉంటది. మార్చుకునేటోళ్లు ఉన్నరు, గని మార్చుకోవాలని మా దాంట్ల ఎక్కడ లేదు."

ఇంకోరోజు ఆస్తి మాట వచ్చింది. "మీ అన్నకు ఎంతొస్తే నీకు అందుల సగమే అంట గద?" అన్నాను. అన్నాక తెలిసింది, అది ప్రశ్న కాదు, తప్పు పట్టుకోవడం.

"అవు, సగమే," అంది. "ఇల్లు నడపాల్సింది అన్న. నా జీతం నాది, నికాల మొగుడు ఇచ్చే మెహర్ పైసలు నాయి, ఆ మొగుడు గూడ అడగొద్దు. లెక్క అది. గని నిజం చెప్తున్న అక్కా, ఆ సగం గూడ ఇయ్యనోళ్లు మస్తుమంది ఉన్నరు. మా ఫుప్పు, అంటే మా అబ్బా చెల్లె, ఆమె మొగుడు చచ్చిపోయినంక ఆ ఇంట్ల ఆమెకు, ఆడపిల్లలకు రావాల్సిన దానికి ఎన్నేండ్లు తిరిగిందో! రాసింది ఒకటి, చేసేది ఒకటి. మా మగోళ్లకు ఏది లాభమో అదే యాదికుంటది." ఒక్క క్షణం ఆగి, "మీ అమ్మకు ఎంత ఇచ్చిండ్రు?" అంది.

మా అమ్మకు ఊళ్లో అన్నదమ్ములు ముగ్గురు. తాత పోయాక కాగితాల మీద సంతకం పెట్టమని పిలిచారు. అమ్మ పెట్టింది. అన్నం తినిపించి, బొట్టు పెట్టి ఒడిబియ్యం పోసి, బట్టలు పెట్టి పంపారు. చట్ట ప్రకారం సమాన వాటా ఉందని ఆ గదిలో అందరికీ తెలుసు. అడిగితే పుట్టింటి గడప మూసుకుపోతుందని కూడా తెలుసు.

"చీర," అన్నాను.

ఆమె నవ్వలేదు. నా డబ్బాలోకి ఒక కబాబు జరిపింది.

ఇవన్నీ విన్నాను. విని కూడా ఏం చేశానంటే, ఆమెను ఒక్కదాన్నే తీసి పక్కన పెట్టుకున్నాను. ఈ పిల్ల తెలివైనది, వేరే రకం అనుకున్నాను. ఆమె వెనకున్న ఇంటిని మాత్రం నా తలలో ఎలా ఉందో అలాగే వదిలేశాను.

సంబంధం కుదిరి, పెళ్లి ఇంక వారం ఉందనగా ఒక మధ్యాహ్నం ఆమె అంది, "ఇంట్ల జాబ్ గురించి బాత్ నడుస్తుంది అక్కా. అబ్బా వాళ్లింటికి రెండుసార్లు పోయి కూసున్నడు. ఏమైతదో చూడాలె."

అయిపోయింది, మానిపిస్తున్నారు అనుకున్నాను. ఆమె చెయ్యి పట్టుకున్నాను. "ధైర్యంగ ఉండు," అన్నాను.

ఆమె నా వైపు వింతగా చూసింది. "నేను మంచిగనే ఉన్న గద. నీకేమైంది?"

అక్కడ అడగొచ్చు. ఏం బాత్ నడుస్తోంది, ఎవరు ఏమంటున్నారు అని. ఒక్క వాక్యం. ఆమె బాధను కెలకడం ఎందుకని ఊరుకున్నాను. ఆ బాధ ఆమెకు లేదు, నేనే ఇచ్చాను.

అదే వారం గురువారం మేనేజరు మేడం నన్ను పిలిచింది. ఆమెది కాకినాడ వైపు, అందరినీ మీరు అనే పిలుస్తుంది. "మీరొక షీటు నింపి పెట్టాలండి. వాళ్ల పక్కన కూర్చునేది మీరే కదా, ఎవరుంటారో ఎవరు వెళ్లిపోతారో నాకన్నా మీకే తెలుస్తుంది."

షీటులో మా ఆరుగురి పేర్లున్నాయి. ఒక్కో పేరు పక్కన ఒక గడి. ఉండే మనిషైతే ఆకుపచ్చ, అనుమానమైతే పసుపు, వెళ్లిపోతే ఎరుపు. దాని పక్కన కారణం. ఎవరైనా మానేస్తే పని ఆగకుండా ముందే చూసుకోవడానికి అంది మేడం. కానీ ఏడాది చివర పర్మనెంట్ పోస్టు వస్తుందనీ, ఎరుపు ఉన్న పేరును ఎవరూ పైకి పంపరనీ మా వరసలో అందరికీ తెలుసు. నాకు తెలియదని రాయలేను.

మూల సీటు అబ్బాయి వేరే కంపెనీలకు ఇంటర్వ్యూలు ఇస్తున్నాడని తెలుసు. అయినా అతనికి ఆకుపచ్చే పెట్టాను. నాకు నేను ఆకుపచ్చ పెట్టుకున్నాను. నా పెళ్లయిన కొత్తలో "కొత్త కోడలు జర ఇంట్ల కనవడాలె గద" అని మా అత్తమ్మ అంటే, రెండు నెలలు జీతం లేని సెలవు పెట్టి ఇంట్లో కనబడిన మనిషిని నేను. అది యాదికి రాలేదు. ఆమె పేరు పక్కన ఎరుపు నింపాను. కారణం: ఆదివారం పెళ్లి, ఆ తర్వాత ఇంట్లో ఉద్యోగానికి పంపరు.

నింపుతుంటే జాలేసింది. నిజంగానే వేసింది. ఆ జాలి కింద ఇంకేదో కదిలింది కూడా. దాన్ని అప్పుడు చూడలేదు, చూడదలచుకోలేదు.

ఆదివారం మధ్యాహ్నం హఫీజ్‌పేట్ స్టేషన్ దగ్గర చిన్న ఫంక్షన్ హాల్లో నికా. గుమ్మం దగ్గర వాళ్ల అబ్బా నిలబడి ఉన్నాడు. కొత్త షేర్వాణీ, వేళ్ల కొసల మీద సూది గుచ్చుకున్న పాత మచ్చలు. నన్ను గుర్తుపట్టి, "రా బేటీ, లోపలికి రా," అన్నాడు. "ఆఫీసుల నువ్వు పక్కన ఉన్నవని మాకు దాని ఫికరే లేదు."

లోపల మేడ మీద ఆడవాళ్ల గదిలో ఆమె ఎర్రటి ఓణీ ముసుగులో, మంచం అంచున కూర్చుని ఉంది. నన్ను చూసి పక్కన చోటు చూపించింది. అరగంట తర్వాత ముగ్గురు మగవాళ్లు గది తలుపు దగ్గరకు వచ్చారు. అమ్మాయి మాట అడిగి తీసుకెళ్లే ఆమె తరఫు వకీలుగా వాళ్ల మామూ, అంటే మేనమామ, ఆయనతో ఇద్దరు సాక్షులు. సాక్షుల్లో ఒకాయన ముసలాయన, మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు, ఊపిరి ఆడటం లేదు. అమ్మాయి ఒప్పుకున్నానని తన నోటితో చెప్పి సంతకం చేస్తే తప్ప, కింద పెళ్లికొడుకు దగ్గర ఏదీ మొదలు కాదని పక్కనున్న ఆవిడ నా చెవిలో చెప్పింది. వాళ్లు మాట్లాడింది ఉర్దూలో, నాకు అర్థమైనది రాస్తున్నాను.

మామూ కాగితం చూస్తూ వరుడి పేరు, వాళ్ల నాన్న పేరు, మెహర్ ఎంతో చదివాడు. "ఒప్పుకుంటున్నావా బేటీ?" అన్నాడు.

ఆమె పలకలేదు. నేను ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. చెప్పాగా, నా తలలో వేరే కథ నడుస్తోంది.

ముసుగులోంచి మాట వచ్చింది. "షరతులు చదవలేదు మామూ."

"అన్నీ రాసే ఉన్నాయి కదా బేటీ, వాళ్లు సంతకం కూడా పెట్టారు."

"చదవండి. సాక్షులు వినాలి."

"పెళ్లికూతురు ఇంత మాట్లాడుతుందా?" అంది వెనకనుంచి ఒక పెద్దావిడ.

గోడకు ఆనుకుని వక్క నములుతున్న వాళ్ల దాదీ, అంటే నాయనమ్మ, అటు తిరిగింది. "నికా దానిదైతే నోరు నీదా? మాట్లాడనియ్యి."

ఆడవాళ్లందరూ ముసిముసిగా నవ్వారు. మామూ కళ్లజోడు సర్దుకుని చదివాడు. ఒకటి, అత్తవారింట్లో ఆమెకు తనకంటూ తలుపున్న గది ఉండాలి. రెండు, ఆమె పై చదువు చదువుకోవచ్చు. మూడు, ఇప్పుడు చేస్తున్న ఉద్యోగం ఆమె ఇష్టమున్నంత కాలం చేస్తుంది, ఏ షిఫ్టు అయినా సరే, ఎవరూ ఆపకూడదు. నాలుగు, ఈ మాటలు తప్పితే విడిపోయే హక్కు ఆమె తన చేతిలో ఉంచుకుంటోంది.

మూడోది చదువుతుంటే ఆమె ముసుగు కొంచెం పక్కకు జరిపి నా వైపు చూసి కన్ను కొట్టింది. వాళ్ల అబ్బా రెండుసార్లు వెళ్లి కూర్చున్నది దానికి. నడిచిన బాత్ అది.

"ఇప్పుడు ఒప్పుకున్నాను," అంది. సంతకం పెట్టింది, ఆఫీసులో పెట్టినట్టే, కింద గీత గీసి.

నా పెళ్లిలో నన్ను ఎవరైనా ఏమైనా అడిగారా అని ఆలోచించాను. ఫొటోగ్రాఫరు అడిగాడు, "మేడం, జర నవ్వుతరా?" అని. ఇంకెవరూ గుర్తుకు రాలేదు.

బిర్యానీ తింటూ ఆమె పిన్ని ఒకావిడతో అన్నాను, మీలో అందరూ ఇలా రాయించుకుంటారా అని. "ఏడ రాయించుకుంటరమ్మా," అందావిడ. "రాయించుకోవచ్చని తెలిసినోళ్లు చెప్పరు, తెల్వనోళ్లు అడగరు. ఈ పిల్లకు చదువొచ్చు, వెతికి పట్టింది." గురువారం నింపిన ఎర్ర గడి కళ్ల ముందుకు వచ్చింది. పోనీలే, రేపు సోమవారం ఉంది, షీటు మంగళవారం దాకా మూయరు అనుకున్నాను.

సోమవారం పొద్దున ఆఫీసుకు రాగానే షీటు తెరిచాను. ఆ గడి మీద నొక్కాను. ఎరుపు తీసేశాను.

తీసేసి పసుపు పెట్టాను.

దీన్ని ఎన్నిసార్లు తిరగేసి చూసుకున్నా ఇంతకన్నా మంచిగా చెప్పలేను. ఆకుపచ్చ ఆ పక్కనే ఉంది. షరతులు నా చెవులతో విన్నాను. అయినా, రాసుకున్నంత మాత్రాన రేపు మాట నిలబెట్టుకుంటారా అనుకున్నాను. అదే ప్రశ్న నా అత్తగారింటి గురించి ఎప్పుడూ వేసుకోలేదు. కారణం దగ్గర "పంపరు" తీసేసి "పంపకపోవచ్చు" అని మార్చాను. మార్చి, ఒక మంచి పని చేసినట్టు టీ తాగాను.

ఆమె పన్నెండో రోజున షిఫ్టుకు వచ్చింది. మొగుడు స్కూటర్ మీద దింపి, హెల్మెట్ తీసి నాకు సలాం చేసి వెళ్లాడు. "అత్తమ్మ నీకు డబల్ కా మీఠా పంపింది అక్కా," అని డబ్బా నా ముందు పెట్టింది. అప్పటికి షీటు మూసేశారు. ఈ నాలుగు నెలల్లో రెండుసార్లు చెబుదామనుకున్నాను. రెండుసార్లూ ఆమె ఏదో నవ్వొచ్చే మాట చెబుతోంది.

ఇక ఈరోజు సంగతి. ఆమె కిందికి పరిగెత్తి కోవా పెట్టె తెచ్చింది, వరస మొత్తానికి పంచింది. మూల సీటు అబ్బాయి అడిగాడు, "మరి నీ సంగతేంది?" అని.

"నాదా? నా షర్తుల జాబ్ అని రాసి ఉంది, ఈ ఆఫీసని రాయలే. వెతుక్కుంట." నవ్వుతూనే అంది. తర్వాత పెట్టె మూత వెయ్యడానికి రెండుసార్లు ప్రయత్నించింది, అది సరిగ్గా కూర్చోలేదు.

కోవా నా నోట్లోనే ఉంది. మింగి, మేడం గదిలోకి వెళ్లాను.

"ఆ షీటులో నేను తప్పు రాశాను మేడం. ఆమె గురించి," అన్నాను. మొత్తం చెప్పాను.

"ఇప్పుడు చెబుతున్నారేంటండీ? ఆర్డరు కూడా వచ్చేసింది."

"అవునండి."

"అయినా మీరు కావాలని రాయలేదు కదండీ. పెళ్లి కదా, వాళ్లలో మామూలుగా..." అని ఆగిపోయింది. పెన్ను బల్ల మీద పెట్టింది. "నేను కూడా అడగలేదు. మీరు రాసింది చూసి అంతేలే అనుకున్నాను. పనిలో మార్కులు ఆ అమ్మాయివే ఎక్కువ, తెలుసా మీకు?"

తెలియదన్నాను. అదీ అబద్ధమే. మార్కులు ప్రతి శుక్రవారం గోడ మీద తెరలో వస్తాయి.

"రాసివ్వండి," అంది చివరికి. "ఆ గడి మీరే నింపారని, ఆమెని అడక్కుండా నింపారని. పైకి పంపుతాను. మళ్లీ చూడటానికి ఐదు రోజులు టైముంటుంది. అప్పటిదాకా మీ ఆర్డరు ఆపుతారు. ఇద్దరికీ ఇస్తారో, ఆమెకే ఇస్తారో, అసలేమీ మార్చరో నేను చెప్పలేనండి. బాగా ఆలోచించుకోండి. ఇంకోటి, దాని కాపీ ఆ అమ్మాయికి వెళ్లాలి. ఆమె గురించి రాసింది ఆమె చూడాలి కదా."

నాలుగు లైన్ల మెయిల్ రాసుకున్నాను. పంపడానికి వేలు రాలేదు. నీలం తాడు గుర్తొచ్చింది, అమ్మ మోకాళ్లు గుర్తొచ్చాయి. మూడింటికి మా షిఫ్టు అయిపోయింది. స్టేషన్ దాకా వస్తానని ఆమె వెంట నడిచాను.

"అమ్మ ఏమన్నది? ఏడ్చిందా?" అంది దారిలో.

"ఇంకా చెప్పలే."

"ఏంది, పిచ్చా నీకు? పొద్దున వచ్చింది మెయిల్!"

ప్లాట్‌ఫాం మీద ఈ బల్ల దగ్గరే చెప్పాను, రాసి పంపకుండా ఉంచుకున్న మెయిల్ సంగతితో సహా. మొదట ఆమెకు అర్థం కాలేదు. ఏ షీటు అంది. చెప్పాను. రంగులంటే ఏంది అంది. చెప్పాను.

"నాకు ఎరుపు పెట్టినవా?"

"మొదట ఎరుపు. తర్వాత పసుపు."

"నికా ముందరనా, తర్వాతనా?"

"ఎరుపు ముందు. పసుపు తర్వాత."

ఆమె చేతిసంచి ఒళ్లో పెట్టుకుని పట్టాల వైపు చూసింది. "అంటే షర్తులు విన్నంక. నా పక్కన మంచం మీద కూసొని విన్నంక."

"ఊఁ."

స్టేషన్ మైకు సికింద్రాబాద్ బండి గురించి ఏదో చెప్పింది.

"నన్ను అడగనీకె ముగ్గురు మగోళ్లు తలుపు కాడికి వచ్చిండ్రు అక్కా," అంది. గొంతు పెంచలేదు. "ఒక తాతకు మోకాళ్లు పని చేస్తలేవు, అయినా మెట్లెక్కి వచ్చిండు, నా నోటితోని వినాలని. నువ్వు కుర్చీ తిప్పితే చాలు. మూడేండ్లు పక్కన కూసున్నవ్. కుర్చీ తిప్పి, ఉంటవా పోతవా అని అడిగితే అయిపోతుండె."

"నన్ను మాఫ్ చెయ్యి," అన్నాను.

"మాఫీ తర్వాత. ఆ మెయిల్ ఉందన్నవ్ గద. పంపు. నా ముంగట పంపు."

పంపాను. ఆమె సంచిలో ఫోన్ మోగింది. తీసి చదివింది, పైనుంచి కిందికి, మళ్లీ కింది నుంచి పైకి, మేం క్లెయిము కాగితం చదివినట్టు.

"'ఆమెను అడగకుండ' అని రాసినవ్. సరే," అంది. దూరంగా బండి కనిపించింది. లేచి నిలబడింది. "నీ జాబ్ పోవాలని నాకు లేదు. నాది నాకు కావాలె. రెండు వేరే వేరే. మా అబ్బాకు మాత్రం నేను చెప్ప. ఆ మూడో షర్తు కోసం వాళ్లింట్ల రెండుసార్లు కూసున్నడు ఆయన. నువ్వు పక్కన ఉన్నవని ఫికర్ లేదన్నడు. ఆయనకు నువ్వే చెప్పు."

ఆడవాళ్ల పెట్టె ఎక్కింది. కిటికీ పక్కనే కూర్చుంది. చెయ్యి ఊపలేదు. బండి కదిలాక ఒకసారి ఇటు చూసింది, నేను ఇంకా నిలబడే ఉన్నానో లేదో చూసినట్టు.

అప్పటి నుంచి ఇక్కడే ఉన్నాను. వార్త ఇప్పటికి నిజమే. ఐదు రోజుల తర్వాత ఎలా ఉంటుందో తెలియదు. రెండు నీలం తాళ్లు రావాలని కోరుకుంటున్నాను. అలా కోరుకుంటే నా తప్పు చిన్నదవుతుందేమోనన్న ఆశ కూడా అందులో ఉంది, అదీ తెలుస్తోంది.

ఇంకా ఫోన్ చేయాల్సినవాళ్లు:

హఫీజ్‌పేట్‌లో ఆమె అబ్బా. ఈయనకు ముందు. షాపు మూసేలోపే.

అమ్మ. పర్మనెంట్ అయిందని, ఆగిందని, ఎందుకు ఆగిందో కూడా. మందుబిళ్లల డ్యూటీ దిగి బస్సెక్కాక.

నాన్న. లేత్ చప్పుడులో వినబడదు, రెండుసార్లు చెప్పాలి.

మా ఆయన. అత్తమ్మకు ఆయన చెప్పొద్దు, నేనే చెబుతాను.

డిగ్రీ ఫారం నా చేత నింపించిన ఇంటర్ మేడం.

ఆమె. రేపు పొద్దున షిఫ్టుకు వస్తావా, నా పక్క సీట్లోనే కూర్చుంటావా, సీటు మార్పించుకుంటావా అని. ఏమంటుందో నాకు తెలియదు. అడగాలి.